బొల్లిమెడ పెట్ట

పొద్దుటూరు,
22 అక్టోబరు 2024.

చిరంజీవి సుధకు,

పొద్దుటూరు నుంచి అక్క సుంకులమ్మ దీవెనలు. ఇక్కడ మేమందరం క్షేమం, ఒక్క కోడి తప్ప. మీ బావ మోకాలికి వేసిన కుట్లు ఆరాయి. చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా పోయి వస్తున్నాడు. మేము తిరుపతి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు నా కోళ్లను పులివెందులలో నీ పెరట్లో పెట్టుకుని చూసుకున్నావు. మీ ఆయన లోకనాథ్ వాటిని గంపలో సర్ది బస్సెక్కించి పంపాడు. ఆ మేలు మరిచిపోలేదు. మరిచిపోలేదు కాబట్టే ఇంత మెత్తగా రాస్తున్నాను.

ఫోనులో అడగొచ్చు కదా అంటావు. ఫోనులో అయితే సగం మాట కాకముందే పొయ్యిమీద అన్నం ఉందని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు. మన వీధి నుంచి పులివెందులకు రోజూ పాల వ్యాను తోలే ఖాదర్ ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తానన్నాడు.

సంగతి బొల్లిమెడ పెట్ట గురించి. అమ్మ పోయేముందు తొండూరులో తన గంపలోంచి ఒకే ఈడు పెట్టలు రెండు తీసి మనిద్దరికీ చెరొకటి ఇచ్చింది గదా. రెండూ ఎర్రవే, రెండింటికీ మెడచుట్టూ తెల్లటి పట్టీ. చూసినవాళ్లకు రెండూ ఒకటే. నాకు కాదు. నువ్వు ఇంట్లో అమ్మతో కోళ్ల దగ్గర పెరిగావు, నేను నాయన వెంట గొర్రెల్లో తిరిగాను. కోళ్ల పెంపకం నాకు కొత్తే, ఒప్పుకుంటాను. కానీ జీవాన్ని ముఖం చూసి పోల్చుకోవడం నాకు కొత్త కాదు. నాయన మందను ఏనాడూ లెక్కపెట్టేవాడు కాదు, దిష్టి అనేవాడు. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కొక్క ముఖం చూసుకునేవాడు. నేనూ నా కోళ్లను అట్లాగే చూసుకుంటాను.

మొన్న గంప మూత తీశాను. అన్ని ముఖాలూ నావే, ఒక్కటి తప్ప. బొల్లిమెడ ఉండవలసిన చోట ఒక బోడి కోడి ఉంది. మెడకు ఒక్క ఈక లేదు, వీపు సగం ఊడింది, తురాయి పాలిపోయి పక్కకు వాలింది. మొదట గోడ అవతలి అలివేలమ్మను అనుమానించాను. కానీ గంప దించేటప్పుడు ఆమె ఊళ్లోనే లేదు. ఇక మిగిలింది ఎవరు?

ఆరోజే ఫోను చేస్తే నువ్వు తొణకకుండా చెప్పావు. "ఈకలు రాలుస్తాండాదిలే అక్కా, కోడికి అది మామూలే. నెల పోతే మళ్లా వస్తాయి" అన్నావు. పాము కుబుసం విడుస్తుందని విన్నాను. గొర్రెకు బొచ్చు మనం కత్తిరిస్తే పోతుంది గాని అది తనంతట తాను విప్పి పక్కన పెట్టదు. కోడి మాత్రం ఎందుకు విప్పుతుంది? కొత్తదాన్ని గదా అని ఏది చెప్పినా నమ్ముతాననుకున్నావా?

ఇంకొకటి. బొల్లిమెడ గుడ్లు పెట్టే కాలంలో నీ దగ్గర ఉంది. నా పెరట్లో పుంజు లేదు, నీ పెరట్లో ఉంది. అమ్మ కోడికి ఈ ఏడాదైనా పిల్లలు చేయించాలని నాకెంత ఆశో నీకు తెలుసు. ఆ గుడ్లేవని అడిగితే నవ్వావు. "యాడికి పోతాయిలే, భద్రంగా ఉండాయి" అన్నావు. భద్రంగా అంటే ఎవరి కడుపులో?

ఆ బోడిదాని తెలివి కూడా చెప్పాలి. అందరిలా కాకుండా నేను నా కోళ్లను నాయన గొర్రెలను పిలిచినట్టు, నాలుక అంగిటికి కొట్టి పిలుస్తాను గదా. నా కోళ్లు తప్ప ఏ కోడీ ఆ పిలుపుకు రాదు. నిన్న నూకలు చల్లి పిలిస్తే అన్నింటికంటే ముందు ఆ బోడిదే ఉరుక్కుంటూ వచ్చింది. నీ పెరట్లో నా కోళ్ల దగ్గర నేర్చుకుని ఉంటుంది. దొంగబుద్ధి కోళ్లకూ అంటుతుంది కాబోలు.

నిన్నేమీ అనడం లేదు. నీ పెట్టకు తెగులు తగిలి, భయపడి, నాది ఉంచుకుని నీది పంపావేమో అని మాత్రమే అడుగుతున్నాను. అట్లా అయితే చెప్పు, తిట్టను.

నీ అక్క,
సుంకులమ్మ


పొద్దుటూరు,
29 అక్టోబరు 2024.

సుధకు,

దీవెనలు కిందటి ఉత్తరంలో పెట్టాను, ఈసారికి అవే వాడుకో.

నా ఉత్తరం అందగానే ఫోను చేసి నన్ను దొంగను చేస్తాండావా అని అడిగావు. దొంగ అనే మాట నేను రాయలేదు. ఉత్తరం మళ్లీ చదువుకో, కోడికి రాశాను గాని నీకు రాయలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ సంగతి.

సరే, నాదే తప్పేమో, కళ్లతో చూసి నిమ్మళపడదామని మొన్న వీడియో కాల్ చేశాను. నీ పెరడంతా చూపించావు. ములగచెట్టు చూపించావు, కొత్తగా వేసిన రేకుల పాక చూపించావు. మూలన గోడవారగా ఒక గంప, దానిమీద గోనె. నీ పెట్ట ఏదీ అంటే గంపలో ఉందన్నావు. గోనె తీసి ఒక్కసారి చూపించమన్నాను. "ఇప్పుడొద్దు అక్కా, దాన్ని లేపగూడదు" అన్నావు.

పట్టపగలు పన్నెండింటికి ఏ కోడి నిద్రపోతుంది సుధా? నేను కోళ్లకు కొత్త, సూర్యుడికి కొత్త కాదు. ఆ గోనె కింద ఎవరున్నారో నాకు ఇక్కడినుంచే తెలిసిపోయింది. నువ్వు ఫోను పెట్టేటప్పుడు నవ్వు ఆపుకుంటున్నావు, అది కూడా చూశాను.

మీ బావకు చెబితే అనుమానం పెనుభూతం అంటాడు. ఆయనకు మోకాలు తప్ప వేరే ఆలోచన లేదు. అలివేలమ్మకు చెబితే బోడి కోడిని అటూ ఇటూ తిప్పి చూసి, ఈక రాల్చే కోడేనని నీ మాటే చెప్పింది. మీరిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆమె ఫోను నంబరు నీ దగ్గర ఉందని మాత్రం తెలుసు.

సుధా, ఇంకా మెత్తగా రాయడం నావల్ల కాదు. కోడి పోతే కోడి వస్తుంది. ఇది అమ్మ చేతి కోడి. ఆ వేళ్లతో మేత తిన్న జీవం మనకు ఇంకొకటి రాదు. అమ్మ నాకు ఇచ్చింది నాకే ఉండాలి. ఈ ఉత్తరం తెచ్చిన ఖాదర్ వ్యానులో తిరిగి ఇక్కడికే వస్తాడు. ఆ గంపలో ఉన్నదాన్ని అతని చేతికి ఇచ్చి పంపు. నీ బోడిదాన్ని నీకు క్షేమంగా చేరుస్తాను. పంపకపోతే నేను నీ గడప తొక్కను, నువ్వూ నా గడప తొక్కొద్దు. అమ్మ సంవత్సరీకానికి ఎవరింట్లో వాళ్లం దీపం పెట్టుకుందాం.

సుంకులమ్మ


పొద్దుటూరు,
2 నవంబరు 2024.

సుధకు,

కోడి అందింది.

గంప మూత తీయగానే పోల్చుకున్నాను. అదే ముఖం, అదే చూపు, మెడచుట్టూ అదే తెల్లటి పట్టీ. నా బొల్లిమెడ నా ఇంటికి వచ్చింది. అంటే నేను అన్నది నిజమే గదా. నీది కాకపోతే పంపావు గాని, నీదైతే పంపుతావా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను ఉత్తరం ముక్కతో పట్టాను.

నువ్వేమన్నావని ఖాదర్‌ను అడిగాను. "ఏమీ అనలా అక్కా. ఉత్తరం చదివింది, గంప తెచ్చి వ్యానులో పెట్టింది. ఎప్పుడూ మజ్జిగ ఇస్తాది, ఈసారి మంచినీళ్లు గూడా ఇయ్యలా" అన్నాడు. తప్పు చేసినవాళ్లు ముఖం చూపించలేరు, నాకు అర్థమయింది.

అయితే ఒకటి అడగాలి. నా కోడిని ఏం చేసి పంపావు? దింపినప్పటినుంచి మేత ముట్టదు. ఒళ్లంతా ఉబ్బించుకుని మూలన కూర్చుంటుంది. దగ్గరికి పోతే గుర్రుమని చేతిని పొడుస్తుంది. కడుపు కింద చూస్తే ఈకలు లేకుండా బొబ్బలెక్కినంత వేడిగా ఉంది. పిలిస్తే తల కూడా తిప్పదు. నాయన పిలుపును మరిపించేంతగా ఏం నేర్పావు దానికి? కొక్కెర తెగులేమో అని భయపడి వేరే గంప కింద పెట్టాను. ఇవ్వాల్సి వచ్చిందన్న కోపంతో జబ్బు పట్టించి ఇచ్చావేమో అని కూడా అనిపించింది. చెల్లెలి మీద అట్లా అనుకోకూడదు, అయినా అనిపించింది, రాస్తున్నాను.

నీ బోడిదాన్ని ఇంకా పంపలేదు. పంపడానికి పట్టుకోబోతే చేతి కిందికి వచ్చి దూరుతోంది. కొంచెం తేరుకున్నాక పంపిస్తాను. నీ జీవమైనా జీవమే గదా.

మీ బావ నిన్ను అడిగానని రాయమన్నాడు. రాశాను.

సుంకులమ్మ

తాజాకలం, 9 నవంబరు:

పైన రాసిన ఉత్తరం ఖాదర్ చేతికి ఇవ్వకముందే అతని వ్యాను చెడిపోయి షెడ్డుకు పోయింది. దేవుడే చెడగొట్టాడు. పైన ఒక్క ముక్క కూడా కొట్టేయలేదు సుధా. నీ అక్క ఎట్లాంటిదో అంతా చదువుకో.

జబ్బు కోడికి ఏదైనా మందు ఉందేమోనని అలివేలమ్మను పిలిచాను. ఆమె దాని కడుపు కింద చేయిపెట్టి, నా ముఖం చూసింది. "ఇది రోగం గాదు సుంకులమ్మా. గుడ్లమీద కూచున్న కోడిని లేపి తెచ్చినారు. పిల్లలు ఇయ్యాలో రేపో అనంగా ఎవురు లేపినారమ్మా దీన్ని?" అంది.

లేపగూడదు అని నువ్వన్న మాట అప్పుడు తగిలింది నాకు. గోనె ఎందుకు కప్పావో, ఎందుకు నవ్వావో ఒక్కొక్కటే తగులుతూ వచ్చాయి. నువ్వు నా ఫోను ఎత్తవు కాబట్టి మీ బావ చేత లోకనాథ్‌కు చేయించాను. ఆయన చెప్పనన్నాడు, మీ బావ బతిమాలితే చెప్పాడు. ఆ కోడి నీదేనంట. దాని కింద పెట్టినవి నా బొల్లిమెడ గుడ్లంట. ఈకలు రాల్చకముందు అది నీ పెరట్లో పెట్టిన ప్రతి గుడ్డూ దాచి, నీ పెట్ట పొదుగుకు రాగానే దాని కిందే పెట్టావంట. అమ్మ కోడి పిల్లలను గంపలో తెచ్చి నా వాకిట్లో వదిలి, నా ముఖం ఎట్లా అవుతుందో చూడాలనుకున్నావంట.

నా రెండో ఉత్తరం వచ్చిన పొద్దు లోకనాథ్ నీకు అడ్డం పడ్డాడంట, నాలుగు దినాలు ఆగితే పిల్లలవుతాయి గదా అని. నువ్వన్న మాట ఆయన చెప్పాడు. "దొంగ అనినాక ఈ కోడి ఒక్క గడియ గూడా నా ఇంట్లో ఉండగూడదు. అక్క అడిగింది, తీస్కపోనీ." వ్యాను మలుపు తిరిగాక పెరట్లోకి ఉరికి, గుడ్లను దూదిలో చుట్టి ఊకబుట్టలో పెట్టి పైన బల్బు వేలాడదీశావంట. అన్నం తినకుండా దాని పక్కనే కూర్చున్నావంట. అన్నీ లోపలే చచ్చిపోయాయంట. ఒకే ఒక్కటి పగిలి పిల్ల బయటికి వచ్చిందంట. అది అట్టపెట్టెలో తల్లి కోసం అరుస్తూ ఉందంట.

ఫోను పెట్టి పెరట్లోకి పోయాను. బోడిదాని మెడమీద కొత్త ఈకలు పుల్లలు పుల్లలుగా లేచి ఉన్నాయి, చుట్టూ తెల్లగా. పిలిచాను. అది ఉరుక్కుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర నిలబడింది. నీ పెట్ట గంప కింద అట్లాగే కూర్చుంది, తల తిప్పలేదు. నాయన పిలుపు మొదటి రోజే నిజం చెప్పింది, నేనే వినలేదు.

ముఖం చూసి జీవాన్ని పోల్చుకుంటానని ఊరంతా చెప్పుకున్నాను. తోడబుట్టినదాని ముఖం పోల్చుకోలేకపోయాను సుధా. నాకు ఏడుపు ఆగడం లేదు.

నీ పెట్ట ఇంకా పొదుగు వదల్లేదు. ఇప్పుడైనా పిల్లను దగ్గరికి చేర్చితే రెక్క కింద పెట్టుకుంటుందని అలివేలమ్మ అంటోంది. అందుకని ఈ ఉత్తరం ఎవరిచేతా పంపడం లేదు, గంపలో కోడి పక్కన పెట్టుకుని నేనే మొదటి బస్సుకు వస్తున్నాను. నువ్వు తలుపు తీయకపోయినా ఫరవాలేదు. గంపను పెరటి గోడ మీదినుంచి దించి, వీధిలో వేపచెట్టు కింద కూర్చుంటాను. ముందు పిల్ల దాని దగ్గరికి చేరనీ. తర్వాత నన్ను లోపలికి పిలవాలో వద్దో నువ్వే చూసుకో.