బలహీనపడేకొద్దీ

బావగారికి,

మీ ల్యాబులో దొరికిన కొత్త బలం, కొలిచిన ప్రతిసారీ ఇంకా తక్కువగా తేలుతోందని సంబరంగా రాశారు. "అంత నీరసపు బలం మనల్నేం చేస్తుంది, మరదలు పిల్లా?" అన్నారు. అది చదవగానే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఏ బలమైనా ఇష్టమొచ్చినంత తగ్గిపోతానంటే గురుత్వాకర్షణ ఒప్పుకోదని కాగితం మీద సిద్ధాంతాలు కట్టే మా లెక్కలు చెబుతున్నాయి. ఆ బలం తగ్గేకొద్దీ మన సూత్రాలు పనిచేసే శక్తి హద్దు కూడా కిందికి దిగుతుంది. ఆ హద్దు దగ్గర కొత్త కణాలు ఒకదాని వెనక ఒకటి, సమాన దూరంలో, అంతు లేకుండా పుట్టుకొస్తాయి; హద్దు ఎంత దిగితే వాటి మధ్య దూరం అంత తగ్గుతుంది. ఆపైన ఏం జరుగుతుందో చెప్పే లెక్క మాలో ఎవరి దగ్గరా లేదు.

రేపు యంత్రం శక్తి పెంచుతామన్నారు. మీకు దండం పెడతాను, ఆపండి. తర్వాత నన్ను పిరికిదాన్నని అక్క ముందు ఎంతైనా ఏడిపించండి.

మీరు పంపిన గ్రాఫు అడుగున చిన్న చిన్న గుబ్బలున్నాయి. యంత్రం అదురువల్ల వచ్చాయని మీవాళ్లు పట్టించుకోనివే. స్కేలు పెట్టి చూశాను. అన్నీ సమాన దూరంలో ఉన్నాయి.

పోయినసారి పంపిన గ్రాఫు కూడా పక్కన పెట్టి చూశాను. అప్పటికన్నా ఇప్పుడు ఒకదానికొకటి దగ్గరికి జరిగాయి.

మీ మరదలు