మైకు ఇచ్చేముందు

ప్రియమైన నా చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. నీ ఉత్తరం చదివి కస్టమర్ల ముందే ఏడ్చేశాను. సంతోషంతోనే తల్లీ! ఎవడైనా ఒక మనిషిని గదిలో బంధించి కూచుంటే, ఫోన్లో మాట్లాడి ఇద్దర్నీ ప్రాణాలతో బయటికి తెచ్చే పోలీసు శిక్షణకు నా కూతుర్ని ఎంపిక చేశారా! కాళ్లు నేలమీద ఆనడం లేదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. పక్క చెప్పుల షాపాయన, "మీ పోలికేగా! ఆ అమ్మాయి వాగుడికి దొంగే విసిగి లొంగిపోతాడు" అన్నాడు.

ఒక్క సలహా. ఎవడైనా మొండికేస్తే ఇంట్లో పెద్దవాళ్లను పిలిపించు. అయినవాళ్ల మాటకు ఎవడైనా కరుగుతాడు. మీ బాబాయి ఒక్కడే కరగలేదు. ఆ రోజు ఎంత బతిమాలానో నీకు చెప్పానుగా. వాడి రాత.

నీ మీద బోలెడు గర్వంతో,
నాన్న

ప్రియమైన నాన్నకు,

ఇక్కడ మొదటి పాఠమే దానికి వ్యతిరేకం. ఇంటివాళ్ల చేతికి మైకు ఇవ్వకూడదు. ప్రేమ బయటికొస్తుందో, కోపం బయటికొస్తుందో వాళ్లకే తెలియదట. ఎందుకో చూపించడానికి మాస్టారు పాత టేపు ఒకటి పెట్టారు. పేర్లు చెరిపేశారు. ఉద్యోగం పోయిన బస్సు డ్రైవరు డిపో మేనేజర్ని గదిలో పెట్టి గడియ వేసుకున్నాడు. పోలీసులు అతని అన్నకు మైకు ఇచ్చారు.

"ఇంటి పరువు తీశావు గదరా! నువ్వు చచ్చావనుకుంటాను, ఫో!"

గొంతు గుర్తుపట్టాను నాన్నా.

ఆ తర్వాత బాబాయి ఫోన్లో పోలీసులతో ఒక్క మాటే అన్నాడు. బయట మైకు దగ్గరున్న నీకు వినపడి ఉండదు. "అన్నయ్యను ఎండలో నిలబెట్టకండి సార్." మేనేజర్ని క్షేమంగా పంపేశాడు. తను రాలేదు. తలుపు పగలగొట్టేసరికి ప్రాణం లేదు.

నువ్వు బతిమాలావనే ఇన్నేళ్లూ నమ్మాను. మన కుటుంబం అని చెబితే టేపు తీసేస్తారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఏం చెయ్యమంటావు?

నీ చిట్టి

ప్రియమైన తల్లికి,

జవాబు రాయడానికి నెల పట్టింది. ఏ గుడ్డ పట్టుకున్నా కొలతలు తప్పాయి.

అవును, బతిమాలలేదు. చుట్టూ జనం. చేతిలో మైకు పెట్టి "మాట్లాడు, మాట్లాడు" అన్నారు. నోటికి తిట్లే వచ్చాయి. మీ అమ్మకు కూడా నిజం చెప్పలేదు. నేను ఎండలో ఉన్నానని బాధపడ్డాడా వాడు! నువ్వు రాసిన ఆ వాక్యం రోజూ తీసి చదువుతున్నాను.

టేపు తీయించకు. అది విని ఒక్క పోలీసాయనైనా ఇంకో అన్నకు మైకు ఇవ్వకుండా ఉంటే చాలు. నా కూతురు ఆ పాఠం నేర్చుకుంటోందంటే, ఇంత ఏడుపులోనూ గుండె పొంగిపోతోంది, చూడు!

మీ మాస్టారిని అడుగు. నేనే వచ్చి మీ క్లాసులో నిలబడతాను. మైకు ఇచ్చేముందు ఆ రోజు నన్నెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. "మీ తమ్ముడితో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడావయ్యా?" అని. మీవాళ్లచేత అడిగించు, చెబుతాను.

ఆ రోజుకి మేం మాట్లాడుకుని రెండేళ్లయింది తల్లీ. ఆ రెండేళ్లలో వాడు రెండుసార్లు షాపు గుమ్మం దాకా వచ్చాడు. నేనే తలెత్తి చూడలేదు.

మీ నాన్న