మామ్మకు గిట్టని డబుల్స్

పుప్పాలగూడ,
బుధవారం

నా బంగారు హర్షిణీ,

మీ హాస్టల్లో ఫోన్లన్నీ వార్డెన్ గారి బీరువాలో పెట్టేస్తారు కాబట్టి, ఈ వారం ఏ ఆట ఏమైందో చెప్పే పని మళ్ళీ నా నెత్తిన పడింది. పడితే పడింది, నాకూ అదే సరదా. ఆదివారం మెస్సులో నీ చేత నా ఉత్తరం పైకి చదివించుకుని పిల్లలంతా నవ్వుతారన్నావుగా, అందుకని కాస్త కారం ఎక్కువే వేస్తున్నాను.

ముందు కబడ్డీ. నిరుడు నవంబరులో మన క్రికెట్ ఆడపిల్లలు ప్రపంచ కప్పు ఎత్తితే దేశమంతా ఊగిపోయింది. నేనూ మీ అమ్మా టీవీ ముందు ఏడ్చాం. ఆ నెలలోనే కబడ్డీ పిల్లలు కూడా ఢాకా నుంచి ప్రపంచ కప్పు పట్టుకొచ్చారు. ఆ సంగతి మన అపార్ట్‌మెంట్‌లో ఎంతమందికి తెలుసోనని వాచ్‌మన్ దగ్గర్నుంచి సెక్రటరీ దాకా అడిగి చూశాను. ఒక్కరికీ తెలీదు! మగవాళ్ళ కబడ్డీకి లీగు, వేలంపాట, రంగురంగుల లైట్లు. వీళ్ళకేదీ? గెలిచొచ్చాక ఆడుకోవడానికి ఒక లీగయినా లేకపోతే ఆ కప్పులో కాఫీ పోసుకుని తాగాలా?

ఫుట్‌బాల్ సంగతి మరీ అన్యాయం. లీగు అసలు మొదలవుతుందో లేదో తెలియక ఆటగాళ్ళే వీడియో పెట్టి మొరపెట్టుకోవాల్సి వచ్చింది. పెద్దవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని టీలు తాగుతుంటే కుర్రాళ్ళ వయసు కరిగిపోతోంది.

ఇక మన బ్యాడ్మింటన్. గేముని ఇరవయ్యొకటి నుంచి పదిహేను పాయింట్లకు కుదిద్దామని ఆలోచనట. చూసేవాళ్ళకి ఓపిక లేదట. ఓపిక లేనివాళ్ళు చూడటం మానెయ్యొచ్చుగా! వెనకబడినవాళ్ళు పుంజుకోవడానికి ఆ చివరి పాయింట్లే కదా చోటు. డబుల్స్‌ని మాత్రం అయిదుకి కుదించినా నాకు బాధ లేదు. ఒక్క కోర్టుకి ఇద్దరు కాపలా, అదీ ఒక ఆటేనా? మన కోనసీమ కుర్రాడు అందులోనే ప్రపంచంలో మొదటి స్థానానికి వెళ్ళాడు కాబట్టి, మనవాడన్న అభిమానం కొద్దీ చూస్తాను. గెలిస్తే ఎవరి గొప్ప, ఓడితే ఎవరి తప్పు? చదరంగం పిల్లల్ని చూడు. ఒక్కరే కూర్చుంటారు, ఒక్కరే ఓడతారు, ఎవరి మీదకీ నెట్టరు. మీ తాతగారు పోయేనాటికి నాకు ముప్ఫై నిండలేదు, మీ నాన్నకి ఎనిమిదేళ్ళు. ఆయన ఉద్యోగం నాకిస్తే, ఏలూరు నీటిపారుదల ఆఫీసులో ఆయన కుర్చీలోనే కూర్చుని మీ నాన్నని ఇంజినీరుని చేశాను. ఒక్కదాన్నే ఆడాను. అందుకే నీ సింగిల్స్ అంటే నాకంత ప్రాణం.

వచ్చే నెల స్టేట్ టోర్నమెంటుకి నేనూ మీ నాన్నా వస్తున్నాం. సింగిల్స్‌లో క్వార్టర్స్ దాటితేనే ఇంకో ఏడాది అకాడమీ, లేకపోతే ఇంటికొచ్చి బుద్ధిగా ఇంటర్ చదువుకోవాలని వాడు పట్టిన పట్టు విడవడం లేదు. నీ తరఫున మాట్లాడటానికి నేనున్నానుగా, భయపడకు. ఎవరితో ఎవరాడాలో ఆ డ్రా రాగానే రాయి.

ప్రేమతో,
నీ మామ్మ
పుణ్యవతి


హాస్టలు,
సోమవారం

మామ్మా,

నిన్న నీ ఉత్తరం మెస్సులో చదివాను. కబడ్డీ దగ్గర అందరూ బల్లలు చరిచారు. డబుల్స్ దగ్గరికొచ్చేసరికి ఆ ముక్కలన్నీ దాటేసి చదివాను. నా పక్కన రేణుక కూర్చుంది. తను నా డబుల్స్ పార్ట్‌నర్.

అవును మామ్మా. దసరా సెలవుల తర్వాత కోచ్ సార్ నన్ను డబుల్స్‌కి మార్చారు. సింగిల్స్ డ్రాలో నా పేరు ఉండదు. నాన్నకి చెబితే తీసుకెళ్ళిపోతారు. నీకు చెబుదామంటే ప్రతి ఉత్తరంలోనూ డబుల్స్‌ని ఏదో ఒకటి అంటూనే ఉంటావు. నా తరఫున మాట్లాడేది నువ్వొక్కదానివే. నీకే గిట్టని ఆట ఆడుతున్నానని నీకెలా రాయను?

మొదట్లో నేనూ ఏడ్చాను. పనికిరాననే మార్చారనుకున్నాను. సింగిల్స్ అలవాటు కదా, ప్రతి షటిల్‌కీ నేనే పరిగెత్తేదాన్ని. రెండో రోజే వెనక్కి దూకి రేణుక రాకెట్‌కి నుదురు కొట్టుకున్నాను. ఇంత బొప్పి కట్టింది. తను ఐసు పెడుతూ ఒకటే తిట్టు: "ఏందే, అన్నీ నువ్వే కొడ్తవా? ఎనక నేనున్న కద. నువ్వు ముంగట చూస్కో, ఎనకది నాకిడిశిపెట్టు. జర నమ్మరాదే!"

ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు మామ్మా, సార్ మొట్టమొదట చెప్పేది అదే. తిరిగితే వెనకనుంచి పార్ట్‌నర్ కొట్టిన షటిలే మొహానికి తగులుతుంది. అలా చూడకుండా ఉండటం నేర్చుకోవడమే నాకు కష్టమైంది. ఇప్పుడు రేణుక అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, ఎక్కడుందో తెలిసిపోతుంది. సింగిల్స్ ఆడేటప్పుడు నేనెప్పుడూ ఇంత సంతోషంగా లేను. కోపమొస్తే తిట్టు, కానీ రావడం మాత్రం మానకు.

నీ
హర్షి


పుప్పాలగూడ,
ఆదివారం

హర్షిణీ, రేణుకా, ఇద్దరూ కలిసి చదువుకోండి.

హర్షీ, నీ ఉత్తరం చూశాక అన్నం సయించలేదని రాద్దామనుకున్నాను గానీ, బాగానే తిన్నాను. కోపం మాత్రం వచ్చింది. నీ మీద కొంత, మెస్సులో మెప్పు కోసం నోటికొచ్చింది రాసిన నా మీద ఎక్కువ. మీ నాన్నకేమీ చెప్పకుండా స్టేడియానికి లాక్కొచ్చాను. బోర్డు మీద డబుల్స్‌లో నీ పేరు చూసి వాడు నా వైపు తిరిగాడు. "ముందు ఆట చూడరా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

సెమీస్‌లో ఓడిపోయారు, సరే. అడక్కపోయినా నా అభిప్రాయం చెబుతాను. రేణుకా, నీ సర్వీసు మాటిమాటికీ నెట్‌కి తగులుతోంది, దిద్దుకోవాలి. హర్షీ, నువ్వు నెట్ దగ్గర ఇంకా వంగాలి. మూడో గేములో ఒక షటిల్ నీ తల మీదుగా వెనక్కి వెళ్ళింది. నేను కుర్చీలోంచి లేచి "వెనక్కి, వెనక్కి" అని కేకలు పెట్టాను. నువ్వు కదల్లేదు. రాకెట్ ఎత్తి ముందుకే చూస్తున్నావు. రేణుక కొట్టిన స్మాష్ నీ చెవి పక్కనుంచి దూసుకెళ్ళింది. వాళ్ళు ఎలాగో దాన్ని లేపితే నువ్వు నెట్ మీదే కొట్టిపడేశావు. నాకు కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. మన ఇంట్లో ప్రతి షటిల్‌కీ పరిగెత్తేది నేనే హర్షీ. మీ అమ్మ వంటింట్లోకి వచ్చేసరికే కూర దింపేసి ఉంటాను. పైగా నాకెవరూ సాయం చేయరని సణుగుతాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో మీ నాన్నతో చెప్పాను: "చైతూ, దాన్ని అక్కడే ఉండనివ్వు. డబుల్సే ఆడనీ."

"ఒక్కళ్ళు ఆడేదే ఆటని నువ్వే కదమ్మా అంటావు?"

"అంటాను. నేను ఒక్కదాన్నే ఆడాను కాబట్టి అదే గొప్పనుకున్నాను."

వాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "నువ్వొక్కదానివే ఆడావా అమ్మా? బడి నుంచి రాగానే కుళాయి దగ్గర నీళ్ళు పట్టిందెవరు? నువ్వు ఆఫీసు నుంచి వచ్చేసరికి కుక్కరు పెట్టిందెవరు? నీకు టైఫాయిడ్ వస్తే తల దగ్గర కూర్చుందెవరు? ఎప్పుడు చూసినా ఒక్కదాన్నే అంటావు. మరి నేనెక్కడున్నాను?"

కోపంగా అనలేదు. ఇన్నేళ్ళుగా అడగాలనుకుని అడగలేకపోయింది అడిగాడు, అంతే. నేనూ వెనక్కి చూడలేదు హర్షీ. రేణుక ఉందన్న నమ్మకంతో నువ్వు చూడలేదు. ఎవరూ లేరనుకుని నేను చూడలేదు. ఎనిమిదేళ్ళ పిల్లాడు నా వెనక కోర్టంతా పరిగెడుతూనే ఉన్నాడు. "ఉన్నావురా నాన్నా, నువ్వున్నావు" అన్నాను. వాడు ఎడమ చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటి కింద కారు ఆపాక వాడే అన్నాడు, "వచ్చే ఏడాది కూడా ఉండనిద్దాంలే అమ్మా. ఇద్దరూ బాగా ఆడుతున్నారు" అని.

మీ ఇద్దరి మామ్మ,
పుణ్యవతి