ఏడో కిలోమీటరు

9 నవంబరు, ఆదివారం

ఇవాళా అక్కడే. ఏడో కిలోమీటరు. వాచీ చూసుకోకుండా పరుగెత్తినా కడుపుకి తెలిసిపోతోంది.

ఆరేళ్ళుగా నాకు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగులో పుండ్లు. మందులతో రెండేళ్ళుగా అణిగి ఉంది, రక్తం పడటం లేదు. కానీ విరేచనం వచ్చిందంటే రెండు నిమిషాలు కూడా ఆగనివ్వదు. అన్నీ తెలిసే జనవరి పద్దెనిమిదిన హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. ఇరవై ఒక్క కిలోమీటర్లూ మా ఆదివారం పరుగుల గ్రూపుతో కలిసి, వాళ్ళకి తెలియకుండా పూర్తి చేయాలి. అదీ నా పంతం.

ఏడో కిలోమీటరు దగ్గర సింహాచలమ్మ పిన్ని వాళ్ళ స్టీల్ ప్లాంట్ క్వార్టరు. అమ్మ స్నేహితురాలు. ఈ పాత క్వార్టర్లలో లెట్రిన్ వెనక పెరట్లో ఉంటుంది, పెరటి తలుపు వెనక సందులోకి తెరుచుకుంటుంది. ఆదివారాలు పిన్ని ఆ గడియ తీసి ఉంచుతుంది. నేను గ్రూపు వెనక పడి, అటూ ఇటూ చూసి, సందులోకి తిరుగుతాను. నాలుగు నిమిషాల్లో మళ్ళీ రోడ్డు మీద ఉంటాను.

మోకాలి నొప్పి అంటే పదిమంది పది మందులు చెబుతారు. ఇది చెబితే ముక్కు మూసుకుంటారు. మా ఆయన రవికాంత్ చేత కూడా ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాను. ఆయన ఈ హిందీ రాష్ట్రంలోనే పుట్టి హిందీలో చదివాడు, తెలుగు అక్షరం రాదు. అందుకే ఈ డైరీ టేబుల్ మీదే పడుంటుంది.

12 నవంబరు

ప్లాంట్ ల్యాబులో స్టీల్ శాంపిల్‌కి మేం ఒక్క రీడింగ్‌ను నమ్మం. ఏదో ఒక్కటే మార్చి మళ్ళీ చూస్తాం. మరి నా పేగుకి మాత్రం ఆ పద్ధతి ఎందుకు ఉండకూడదు? ఏడు అంటే దూరమా, చోటా?

16 నవంబరు

రూటు మొత్తం తొమ్మిది కిలోమీటర్లు. ఓసారి తిరగేసి పరుగెడదామని కోచ్ సత్యప్రసాద్ గారిని అడిగాను. ప్లాంట్‌లో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో రిటైరైన మనిషి, విజయనగరం వారు, ఎక్కువ ప్రశ్నలు వేయరు. సరేనమ్మా అన్నారు. తిరగేస్తే పిన్ని ఇల్లు రెండో కిలోమీటరు.

రెండు దగ్గరే వచ్చింది.

అంటే దూరం కాదు, చోటు. నా పేగు ఆ సందును గుర్తుపడుతోంది. కోప్పడాలో మెచ్చుకోవాలో తెలియలేదు.

బయటికి రాగానే పిన్ని కాఫీ గ్లాసుతో నిలబడి, చాన్నాళ్ళుగా అడుగుదామనుకుంటన్నాను, మీ ఇంట్లో లెట్రిన్ పాడైపోనాదేటమ్మా, మెయింటెనెన్సు ఆఫీసులో కంప్లయింట్ రాయించు, ఒకటికి రెండుసార్లు ఎల్తే గానీ రారు ఆళ్ళు, అంది. రాయిస్తానన్నాను.

23 నవంబరు

పచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా పరుగెత్తాను. అయినా ఏడు దగ్గరే.

30 నవంబరు

ఊరవతల ఉతై రోడ్డు. ఒక్కదాన్నే. పదకొండు కిలోమీటర్లు. దారిలో తెలిసిన తలుపు ఒక్కటీ లేదు. రానే లేదు. సంతోషం పట్టలేక రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను.

ఇంటికొచ్చాక బుర్ర పనిచేసింది. రూటూ మార్చాను, గ్రూపునూ వదిలాను. ఒకేసారి రెండు మార్చేశాను. ల్యాబులో ఇలా చేస్తే మెమో ఇస్తారు. ఇప్పుడు తలుపు లేకపోవడం వల్ల రాలేదా, మనుషులు లేకపోవడం వల్ల రాలేదా?

7 డిసెంబరు, సాయంత్రం 6

నవ్వాలో ఏడవాలో తెలియని రోజు.

పొద్దున టీ దుకాణం దగ్గర సత్యప్రసాద్ గారు రవికాంత్‌ను పక్కకి పిలిచారట. నాకెందుకు గానీ బాబూ, మీ ఇంటావిడ ప్రతీ ఆదివారం ఎనక సందులోకి ఎల్లి ఎవలింటి పెరట్లోకో దూరతంది, అటూ ఇటూ చూసి మరీ దూరతంది, గ్రూపులో అందరూ చూసినారు, ఓపాలి కనుక్కో, అన్నారట.

ముందు పగలబడి నవ్వాను. నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడి నిప్పు నా పేగు. తర్వాత రవికాంత్ ముఖం చూశాను. నవ్వడం లేదు.

నువ్వేం చెప్పావు అని అడిగాను. నాకు తెలుసండీ అన్నాడట, అంతే. తెలిసీ ఊరుకుంటున్న మొగుడిలా అందరూ తనను జాలిగా చూశారట. సత్యప్రసాద్ గారు టీ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదట. ఒట్టేయించుకున్నావు కదా అరుణా, ఇంకేటి చెప్పమంటావు, అన్నాడు.

నిజం రాస్తున్నాను. ఆ క్షణంలో, జబ్బు కంటే ప్రియుడే నయం అనిపించింది. రవికాంత్ పరువు పోతే పోనీ, నా గుట్టు దక్కితే చాలనుకున్నాను. ఎలాంటి మనిషిని నేను? ఒట్టుకి కట్టుబడి ఊరంతటి జాలినీ మింగినవాడి ఎదురుగా కూర్చుని ఆలోచించిన ఆలోచన ఇది. సిగ్గుతో అన్నం సహించలేదు.

14 డిసెంబరు

చెప్పేశాను. పరుగుకి ముందు, గ్రౌండులో, హిందీలో. తెలుగులో నోరు రాలేదు. రవికాంత్‌ను కూడా తీసుకెళ్ళి పక్కనే నిలబెట్టుకున్నాను.

ఎవరూ ముక్కు మూసుకోలేదు. గ్రూపులో నాతో పరుగెత్తే భాగ్యరేఖ మొదలుపెట్టింది. ఏం తింటావు, నొప్పి ఎటువైపు, పరుగెత్తేటప్పుడు ముందే తెలుస్తుందా. ఆమె ఆపితే ఇంకొకరు. అరగంట నిలబెట్టారు. ఈ జబ్బు గురించి డాక్టర్ తప్ప ఎవరూ నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు. జవాబులు చెప్పడం నాకు ఇంత ఇష్టమని ఇవాళే తెలిసింది.

సత్యప్రసాద్ గారు రవికాంత్ రెండు చేతులూ పట్టుకుని, తప్పుగా అనుకుండిపోనాను బాబూ, అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఎన్ని నిమిషాలు పడతాదమ్మా అని అడిగారు. నాలుగన్నాను. జేబులోంచి మా రేసు టైముల చార్టు తీసి నాలుగు నిమిషాలు కలిపారు.

చెప్పేస్తే పోతుందనుకున్నాను. పోలేదు. మళ్ళీ ఏడు దగ్గరే. కాకపోతే ఈసారి అటూ ఇటూ చూడకుండా సందులోకి తిరిగాను.

4 జనవరి

స్టూల్ టెస్ట్ నార్మల్. మరి ఏడెందుకు?

18 జనవరి

రేసులో ఏడు దగ్గర ఏమీ లేదు. పదహారు దగ్గర వచ్చింది. పెట్రోల్ బంకులోకి పరుగెత్తాను. పదహారెందుకో తెలియదు. బయటికొచ్చేసరికి గ్రూపులో మిగతా తొమ్మిదిమందీ నాకోసం రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు, రెండున్నర గంటల్లో పూర్తి చేయాలని ఏడాదిగా తపిస్తున్న భాగ్యరేఖతో సహా.