బెల్టు బిగిస్తుంటే మధు అన్న మాట

అక్కా, మధు మాట్లాడాడు! మన వాణి మొగుడు, మన మధు, నోరు తెరిచి మాట్లాడాడు! విమానం బెల్టు కూడా కుదిరింది!

ముందు దండం పెట్టి, క్షేమం అడిగి, ఆ తర్వాత సంగతులు రాయాలని నాకు తెలుసు. సంతోషం ఆగలేదు, చెయ్యి ముందే ఆ ముక్క రాసేసింది. ఇదిగో, ఇప్పుడు పెడుతున్నా సీతక్కా, రెండు చేతులా దండం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారు మందులు వేళకి వేసుకుంటున్నారా? నేను బ్రహ్మాండంగా ఉన్నాను, నా గురించి దిగులు పడకు. ఇక్కడ వాణి వాళ్ళ ఊరు మిల్టన్ కీన్స్‌లో చలి ముదిరింది. పొద్దస్తమానం తుంపర. మధ్యాహ్నం టీ తాగి కప్పు కడిగేలోపు చీకటి పడిపోతుంది. వీధిలో మనిషి కనపడడు, అందరూ కార్లలోనే. నేను రోజూ బస్ స్టాపు దాకా నడిచి, బస్సు ఎక్కకుండానే తిరిగొస్తాను. అక్కడైతే ఎవరో ఒకరు ‘మార్నింగ్’ అంటారు. అయినా బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను.

ఇంత సంగతి ఫోనులో చెప్పకూడదా అంటావు. చేశాను. నువ్వు ‘హలో’ అనగానే ఏడుపు ముంచుకొచ్చి పెట్టేశాను. ఆదివారం నీకొచ్చిన ఆ మూగ ఫోను నాదే.

నీకు తెలియనిది కాదు గానీ, ఈ ఉత్తరం నువ్వు పదిమందికీ చదివి వినిపిస్తావు కనుక మొదటినుంచీ రాస్తున్నాను. వేసవిలో మధుకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మనం చెప్పేది తెలుస్తుంది, తను అనుకున్నది బయటికి రాదు. అవునా అంటే తల ఊపుతాడు, కాదా అన్నా ఊపుతాడు. తప్పు ఊపానని తెలిసి కళ్ళు మూసుకుంటాడు. ఎడమ చేత్తో తినాల్సి వస్తోందని సిగ్గుపడి, ప్లేటు తీసుకుని గోడవైపు తిరిగిపోయేవాడు. అందుకని నేనూ పక్కన కూర్చుని ఎడమ చేత్తోనే స్పూనుతో తింటున్నాను. సగం నా చొక్కా మీదే పడుతుంది. అది చూసి ఒకసారి అతని మూతి కదిలింది. నవ్వాడని నేనంటాను, వాణి కాదంటుంది.

మాట నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. మొన్నామధ్య వాణిని వంటింట్లోకి పిలిచి ఏదో చెప్పి వెళ్ళింది. ఆ రోజు వాణి కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది: “ఇంక పెద్దగా ఆశ పెట్టుకోవద్దంది నాన్నా.”

ఇక విమానం సంగతి. బావగారు నమ్మరు గానీ, ఈ దేశంలో మనుషులు సొంతంగా విమానం కట్టుకుంటారు. మధుది ఇద్దరు పట్టే చిన్నది, ఆటోకి రెక్కలు మొలిచినట్టుంటుంది. ఊరి బయట గడ్డి మైదానం పక్కన రేకుల షెడ్డులో, శనివారాలన్నీ అక్కడే గడిపి, ఏళ్ళ తరబడి కట్టాడు. రెక్కలు, సీట్లు, ఇంజను అన్నీ అయ్యాయి. జబ్బు పడేనాటికి మిగిలింది బెల్టు ఒక్కటే. ఇంజను తిరుగుతుంటే ఈ బెల్టు ఆల్టర్నేటరును తిప్పుతుంది, అది కరెంటు పుట్టిస్తుంది. కారులో ఉండేలాంటిదే. కారులో బెల్టు తెగితే పక్కకి తీసి ఆపుకుంటాం. పైన ఎక్కడ ఆపుకుంటాం? బ్యాటరీ అయిపోతే రేడియో కూడా పలకదు.

మధు ఆల్టర్నేటరు వేరే రకానిది పెట్టి, దానికి చిన్న పుల్లీ, అంటే బెల్టు కూర్చునే చక్రం, వేశాడు. అందుకని ఇంజనుతో వచ్చిన బెల్టు కొలత పనికిరాదు. కొత్త కొలత అతనికి తెలుసు, అతనికొక్కడికే తెలుసు. మాటతో పాటు అదీ లోపలే ఉండిపోయింది.

ఇంతలో హేస్ అనే ఊరి నుంచి ఒకాయన కొంటానని వచ్చి చూశాడు. విప్పేసి సామాన్లుగా వాడుకుంటాడట. ఆ మాట విని మధు గోడవైపు తిరిగిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. వాణి నాతో, “ఇంజను సరిగ్గా తిరిగితే ఉంచుతాను నాన్నా. లేకపోతే క్రిస్మస్‌లోపు ఇచ్చేస్తాను. ఆఫీసు, ఈయన, ఆ షెడ్డు, మూడూ మొయ్యడం నా వల్ల కాదు” అంది. అదీ పోతే మధుకి ఇంకేం మిగులుతుందక్కా?

మొదటి బెల్టు పొడుగైంది. ఆల్టర్నేటరును బయటికి లాగి బిగించడానికి ఒక గాడి ఉంటుంది, దాని చివరిదాకా లాగినా బెల్టు వదులే. ఇంజను స్టార్టు చెయ్యగానే పందిపిల్లలా అరిచింది. రెండోది సన్నమైంది, పుల్లీలో అడుగుకి దిగిపోయి జారింది. బెల్టు అడుగు తాకకూడదట, పక్కల్ని పట్టుకోవాలట, పుల్లీ అంచుతో సమంగా కూర్చోవాలట. ఇవన్నీ చెప్పింది డెరెక్ అనే ముసలాయన. ఇలాంటి విమానాలు చూసి సరే అనే ఇన్‌స్పెక్టరు ఆయనే. బెల్టు మార్చాలంటే ముందున్న ప్రొపెల్లరు మొత్తం ఊడదియ్యాలి, ప్రతిసారీ! బోల్టులు విప్పి, బిగించి, చలికి వాణి వేళ్ళు పగిలిపోయాయి.

మూడోది కాస్త పొట్టి. ఇక్కడే నేను ముందుకొచ్చాను. తెనాలి బజారులో జీవితమంతా గాజులు తొడిగిన చెయ్యి కదా ఇది! బిగుతు గాజు ఎంత అందమో నీకు చెప్పాలా? “సబ్బునీళ్ళు పట్టుకురా తల్లీ, నే తొడుగుతా” అన్నాను. సబ్బు రాసి, స్పూను కాడ లోపల పెట్టి, పుల్లీ అంచు మీదుగా ఎక్కించేశాను. టక్కున కూర్చుంది. వాణి చప్పట్లు కొట్టింది. మధు ఎడమ చేత్తో తన చక్రాల కుర్చీని ధబధబా కొట్టాడు. అతనూ సంతోషిస్తున్నాడనుకున్నాం. ఇంజను కాసేపు హాయిగా తిరిగింది. తర్వాత బెల్టు ఠపీమని తెగి, లోపల రేకు మీద కొరడా దెబ్బలా గీత పెట్టింది.

డెరెక్ ఆ ముక్క చూసి ఏదో అడిగాడు. వాణి తెలుగులో చెప్పకముందే నాకర్థమైంది. బలవంతంగా ఎక్కిస్తే లోపలి దారాలు అప్పుడే తెగుతాయట, పైకి కనపడదట.

“నాన్నా, ఇది పెళ్ళికూతురి చెయ్యి కాదు!” అని వాణి నన్ను కసిరింది. వెంటనే ఏడ్చింది. “ఆయన వద్దని కుర్చీ కొడుతుంటే మనం చప్పట్లు కొట్టాం నాన్నా.”

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ విమానం మాట ఎత్తలేదు. టీవీ పెట్టుకుని ముగ్గురం దానివైపు చూసేవాళ్ళం, ఏం వస్తోందో ఎవరికీ తెలియదు. హేస్ ఆయనకి ఫోన్ చేస్తానని వాణి రెండుమూడుసార్లు అంది. చెయ్యలేదు. చివరికి ఇంకొక్కసారి చూద్దామంది.

బెల్టు వేస్తే దానంతటదే పుల్లీ మీద పడాలి, లాగడం ఆ తర్వాతే అన్నాడు డెరెక్. అందుకని వాణి ఆల్టర్నేటరును లోపలికంటా నెట్టి పురికొసతో ఒక కొలత, బయటికంటా లాగి ఒక కొలత తీసింది. ఆ రెండింటికీ మధ్య పొడుగు, పుల్లీకి సరిపడే వెడల్పు చూసి, లోపలివైపు పళ్ళున్న రకం తెప్పించింది. చిన్న పుల్లీ చుట్టూ అది సులువుగా వంగుతుందట.

మొన్న శనివారం వేశాం. చేత్తో వేస్తే పడింది, స్పూను లేదు, సబ్బు లేదు. ఆల్టర్నేటరును కర్రతో బయటికి లాగి పట్టుకోవడం నా పని, బోల్టు బిగించడం వాణి పని. మళ్ళీ జారుతుందేమోనన్న భయం నాకు. లాగుతూనే ఉన్నాను.

“చాలా నాన్నా?”

“ఇంకొంచెం.”

“ఇప్పుడు?”

“ఇంకొంచెం తల్లీ.”

అప్పుడు వెనకనుంచి: “చాలు మావయ్యా!”

విసుగ్గా అన్నాడక్కా! బాగున్న రోజుల్లో ఎలా అనేవాడో అచ్చం అలాగే! నేను కర్ర వదిలేశాను, బెల్టు మళ్ళీ వదులైపోయింది. వాణి పానా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “ఇంకోసారి అనవా?” అంది. నోరు తెరిచాడు. రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి గానీ రాలేదు. వాణి కుర్చీని ఇంజను దగ్గరికి తోసింది. నేను మళ్ళీ లాగాను. మధు ఎడమ బొటనవేలితో బెల్టు నడుమ నొక్కి చూస్తూ, చాలినప్పుడు నా మణికట్టు పట్టుకున్నాడు. ఇంజను తిరిగింది. అరవలేదు, జారలేదు. కరెంటు చూపే ముల్లు లేచి నిలబడింది. కొత్త బెల్టు సాగుతుంది, కొన్ని గంటలు తిరిగాక మళ్ళీ బిగువు చూసుకోండి అని డెరెక్ చెప్పి, నా చెయ్యి ఊపేశాడు.

ఆ మాటే ఆఖరు. మళ్ళీ ఇంతవరకూ ఒక్క ముక్క లేదు. మాట నేర్పే అమ్మాయిని వాణి అడిగితే, కోపంలో ఒక్కోసారి అలా తన్నుకొస్తుందట, మాట తిరిగొచ్చినట్టు కాదట. పడిపోయిన చెయ్యీ తిరిగిరావడం కష్టమేనట. ఈ విమానం మధు నడపడు. అది నాకూ తెలుసు, వాణికీ తెలుసు, అందరికన్నా ముందు మధుకి తెలుసు. అయినా నా సంతోషం ఆగడం లేదు, ఏం చెయ్యమంటావు?

ఇంకొకటి చెప్పాలి. ఇంజను ఆగాక, చీకటి పడుతున్నా, వాణి ఆ ప్రొపెల్లరు మళ్ళీ ఊడదీసింది. సంచీలోంచి అదే కొలత బెల్టు ఇంకొకటి తీసి, వెనకాల తగిలించి, కదలకుండా ఇంజనుకి కట్టేసింది. ఇది తెగిన రోజున ప్రొపెల్లరు ఊడదియ్యకుండానే అది పనికొస్తుందట. హేస్ ఆయన సంగతి నేను అడగలేదు. అమ్మేసే బండికి స్పేరు బెల్టు ఎవరైనా కడతారా?

మధుకి నీ ఉసిరికాయ పచ్చడి పంపు, మెత్తగా రుబ్బి పంపు, ముక్కలు మింగలేడు. పిల్లలిద్దరినీ, వాణినీ మధునీ, పేరు పెట్టి దీవించు. ముసలాడినైనా నన్నూ దీవించు, తోబుట్టువుల్లో నాకు పెద్దదానివి నువ్వొక్కదానివే మిగిలావు.

నీ చేతి అన్నం తిని పెరిగిన తమ్ముడు,
సుబ్బారావు

ఎవరెవరికి చెప్పాలంటే:

బావగారికి, భోజనమయ్యాక. ముందే చెబితే సంతోషంతో తినరు.

బజారులో కోటయ్యకి. సబ్బు సంగతి మాత్రం దాచు, నా పరువు పోతుంది.

రేపల్లె పిన్నికి. మధు కోసం మొక్కుకుంది.

గుడివాడలో మధు అమ్మగారు రాజ్యలక్ష్మి వదినగారికి. ఫోనులో కాదు, నువ్వే వెళ్ళు. ప్రతి ఆదివారం వాణి ఫోను మధు చెవి దగ్గర పెడితే ఆవిడ ఒక్కతే మాట్లాడి, ఇక్కడి ఊపిరి విని పెట్టేస్తుంది. కుడిపక్కన కూర్చో, ఎడమ చెవి వినపడదు. మళ్ళీ మాట్లాడతాడా అని అడుగుతుంది. అవునని చెప్పకు. విసుగ్గా అన్నాడని చెప్పు. ఆ విసుగు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు.