నడిచే గుండె, పీకిన ఫ్యూజు

మడకశిర

కరీమన్నకు నల్లప్ప నమస్కారాలు.

నలభై ఏళ్లు మోటార్ల మధ్య కూర్చున్న చెవులు నీవి, ఫోనులో చెబితే వినబడదు. అందుకే ఈ ఉత్తరం.

నా గుండెలో మూడు రక్తనాళాలు పూడిపోయాయట. అనంతపురం డాక్టరు బైపాస్ చేయాలన్నాడు. అంతవరకు ధైర్యంగానే ఉన్నాను. "నీ గుండెను ఆపకుండా, కొట్టుకుంటాండంగనే చేస్తాంలేప్పా" అన్నాడు. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఇరవై ఎండాకాలాలు మీ గార్లదిన్నె పొలాల్లో నా గొర్రెల మంద కట్టాను. నీ మోటారు రిపేరు షెడ్డులో టీ తాగని రోజు లేదు. నడిచే వాటి సంగతి నీకంటే ఎవరికి తెలుసు? నువ్వు సరేనంటే చేయించుకుంటా, వద్దంటే మానుకుంటా.

ఇట్లు,
నీ తమ్ముడు నల్లప్ప

తా.క.: ఊళ్లు తిరిగే నా కాలిలోంచి నాళం తీసి గుండెకు వేస్తారట. ఇక నా గుండె కూడా ఇంటిపట్టున ఉండదేమోనని నా భార్య అక్కమ్మకు దిగులు.

గార్లదిన్నె

తమ్ముడు నల్లప్పకు కరీం సాబ్ దువాలు.

వద్దు.

నా పద్ధతి నీకు తెలుసు. ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటేగానీ మోటారు మీద చెయ్యి వెయ్యను. పైరు ఎండిపోతోందని రైతు నెత్తీ నోరూ కొట్టుకున్నా అంతే. ఫ్యూజు నా జేబులో ఉంటే ఏ తిక్కలోడు స్విచ్చి వేసినా భయం లేదు. చదువుకున్న డాక్టరుకు ఈమాత్రం తెలియదా? నా అనుమానం, ఆయనకు ఆపడం చేతకాదు. పైగా గుండె నడుస్తుంటే నువ్వూ మేలుకునే ఉంటావు. కోసేటప్పుడు అరిచి నా పరువు తీస్తావు.

ఈ ఉత్తరం ఆయనకు చూపించు. ముందు ఆపమను, తర్వాత మాట్లాడదాం.

నీ మేలు కోరే అన్న,
కరీం సాబ్

తా.క.: "ఇంట్లో మిక్సీ విప్పి ఆర్నెల్లాయె, ఊరోళ్ల గుండెలు మీకెందుకు?" అంటోంది మీ వదిన మేరాజ్ బీ. ఆపకుండా రిపేరు చేయకూడదు కదా, అందుకే ఆర్నెల్లుగా ఆపి ఉంచాను.

మడకశిర

కరీమన్నకు,

నీ ఉత్తరం చదివి డాక్టరు నవ్వాడు. "మీ అన్నకు నా సలాం చెప్పు. ఆపడం మాకూ వచ్చు" అన్నాడు.

ఆపితే ఒక మిషను ఒంటికి రక్తం పంపుతుందట. గుండె కదలదు, కుట్టడం సులువు, అన్ని నాళాలకూ చెయ్యి అందుతుంది. కానీ ఆ మిషను గొట్టాన్ని గుండెలోంచి వచ్చే పెద్ద నాళానికి తగిలించాలి. నా నాళంలో మన బోరు పైపుల్లో మాదిరి సున్నం పేరుకుందట. దాన్ని కదిలిస్తే పెచ్చులూడి మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. అందుకే నాకు ఆపకుండా చేయడం మేలన్నాడు.

కష్టాలూ దాచలేదు. కదిలే చోట కుట్టాలంటే బాగా అలవాటైన చెయ్యి కావాలి. ఒక్కోసారి అన్ని నాళాలకూ అందదు. కొందరికి కొత్తగా వేసిన నాళం తొందరగా మూసుకుపోవచ్చు. మధ్యలో గుండె మొరాయిస్తే అప్పటికప్పుడు మిషనుకు మారాలి. నాకు మాత్రం మత్తిస్తారు, నీ పరువుకు ఢోకా లేదు.

కుట్టే చోటును ఒక పరికరంతో కదలకుండా పట్టుకుంటారట. అన్నా, ఉన్ని కత్తిరించడానికి గొర్రెను చంపుతామా? పడేసి, కత్తెర పెట్టిన చోటు కదలకుండా పట్టుకుంటాం. దాని ఊపిరి దాని పాటికి ఆడుతూనే ఉంటుంది. నాకు అర్థమైంది. గురువారం ఆపరేషన్.

నీ నల్లప్ప

తా.క.: నీ ఉత్తరం నా రిపోర్టుల మీద పెట్టారు. నర్సులు నిన్ను ఇంకో డాక్టరనుకుంటున్నారు.

గార్లదిన్నె

తమ్ముడు నల్లప్పకు దువాలు.

మధ్యలో మిషనుకు మారాలంటే కరెంటు ఉండాలి కదా! మన కరెంటును నమ్మి ఎవరైనా పడుకుంటారా? నేను వస్తున్నాను. ఆపరేషన్ అయ్యేదాకా ఆసుపత్రి జనరేటరు పక్కనే కూర్చుంటా. షెడ్డు ఫ్యూజు పీకి జేబులో వేసుకొస్తా, ఆ రోజు నాకు పనే లేదు.

నాకు భయంగా ఉంది నల్లప్పా. నువ్వు రాని ఎండాకాలం నాకొద్దు.

నీ అన్న,
కరీం సాబ్

తా.క.: గొర్రె మాట బాగుంది. కానీ గొర్రె సంతకం పెట్టదు, నువ్వు పెట్టాలి. చదివి పెట్టు.

అనంతపురం ఆసుపత్రి, రెండో అంతస్తు

కరీమన్నకు,

బతికాను. మూడూ కుట్టారు, మిషను అవసరం రాలేదు. దగ్గొస్తే ఛాతీకి దిండు అదుముకోవాలి, అంతే.

నువ్వెక్కడ? మధ్యాహ్నం దాకా జనరేటరు దగ్గర ఉండి, అక్కమ్మకైనా చెప్పకుండా వెళ్లిపోయావట. మూడు రోజులైంది. ఆపకుండా చేయించుకున్నానని అలిగావా? ఇది గార్లదిన్నెకు పోస్టు చేయమని మహేశ్వరి సిస్టర్‌కు ఇస్తే, ఎందుకో నవ్వుతోంది.

నల్లప్ప

తా.క.: అక్కమ్మ నా ఛాతీకి చెవి పెట్టి విని, "ఆగకుండా కొట్టుకుంటాండాది, నీ నోటి మాదిరే" అంది.

అదే ఆసుపత్రి, మొదటి అంతస్తు

తమ్ముడూ,

నేనెక్కడికీ పోలేదు, నీ మంచం కిందే ఉన్నాను, ఒక అంతస్తు దిగువన. జనరేటరు దగ్గర ఎడమ భుజం లాగింది, చెమటలు పట్టాయి. నీ ఉత్తరం నాకు తెచ్చిచ్చిన మహేశ్వరి సిస్టరే ఆ రోజు నన్ను పట్టుకుపోయి ఈసీజీ తీయించింది. నాకు నాలుగు పూడిపోయాయట. నువ్వు కంగారుపడతావని చెప్పొద్దన్నాను.

నీ డాక్టరే చూశాడు. నావి గుండె వెనకవైపు సన్నని నాళాలు, నడుస్తుంటే సరిగా అందవట. పెద్ద నాళం శుభ్రంగా ఉందట. "సాబ్, మీరు కోరినట్టే ఆపి చేస్తాం" అన్నాడు, రేపే.

నల్లప్పా, ఆపాక మళ్లీ తిరగని మోటార్లు ఎన్నో నాకు తెలుసు. నాకూ నడుస్తుండగానే చెయ్యమని చెప్పు. గొర్రె మాదిరి పడుంటా.

కరీం

తా.క.: మేరాజ్ బీ వచ్చింది. మిక్సీ మాటే ఎత్తలేదు. అందుకే భయం ఎక్కువైంది.

రెండో అంతస్తు

కరీమన్నకు,

అడిగాను. "ఇది మీ ఇష్టం కాదప్పా, మీ నాళాల ఇష్టం" అన్నాడు. ఆగిన గుండెను మళ్లీ కొట్టించడం వాళ్లకు రోజూ ఉన్న పనేనట. భయం అసలే వద్దని మాత్రం అనలేదు, అందుకే ఆయన్ను నమ్ముతున్నాను.

నీ చొక్కా జేబులో ఉన్న పింగాణీ ఫ్యూజును మేరాజ్ వదిన దగ్గర అడిగి తీసుకున్నాను. రేపు నిన్ను లోపలికి తీసుకుపోయాక దిండు పట్టుకుని తలుపు బయటే కూర్చుంటా. ఫ్యూజు నా జేబులో ఉంటుంది. ఏ తిక్కలోడి వల్లా నీకు భయం లేదు. పనయ్యాక నేనే తెచ్చి నీ చేతిలో పెడతా. నువ్వు కళ్లు తెరిచి తీసుకోవాలి, అంతే.

నీ తమ్ముడు,
నల్లప్ప

తా.క.: ఈ ఆసుపత్రి చొక్కాకు జేబు లేదు. అక్కమ్మ ఇప్పుడే ఒకటి కుడుతోంది. చొక్కా విప్పి ఇస్తానంటే, "కదలకుండా ఉండప్పా, ఒంటిమీదనే కుడతా" అంటోంది.