బ్రేకు బూస్టరు గొట్టం

మంగళవారం, రాత్రి

మాస్టారి కారు ఆగి ఉన్నప్పుడు ఇంజను వణుకుతోందని మూడు రోజులుగా వెతుకుతున్నాను. ప్లగ్గులు మార్చినా తగ్గలేదు. ఇవాళ ఇంజను ఆన్‌లో ఉంచి, గొట్టాల అతుకుల మీద ఒక్కొక్కచోటే క్లీనర్ స్ప్రే కొట్టుకుంటూ వచ్చాను. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టరుకి వెళ్లే గొట్టం దగ్గర కొట్టగానే వణుకు ఆగి ఇంజను వేగం పెరిగింది. గాలి లాగుతున్నది అక్కడే.

అది కంపెనీ గొట్టం కాదు, రొయ్యపిల్లల తొట్లకు గాలి పెట్టే ట్యూబు. సామాను దొరకనప్పుడు మేము వేసేది అదే. వేడికి పెళుసెక్కి పగిలింది. పోయిన వేసవిలో వేసింది నేనే.

"బ్రేకు కూడా రాయిలా ఉందయ్యా. నా కాలికే సత్తువ తగ్గిందనుకున్నాను," అని మాస్టారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ కారుకి కొత్త గొట్టం వేసి పంపాక, ఇదే ట్యూబు వేసిన మిగతా బళ్లవాళ్లకి కూడా చెబుదామండీ అన్నాను బావగారితో.

"చెప్పి, షెడ్డుకి తాళం వేసుకుందామా? నా ఇంట్లో ఉంటూ నా షెడ్డుకే ఎసరు పెడతావేంటయ్యా?" అన్నారు.

పాస్టరు గారి వ్యానుకీ అదే ట్యూబు వేశాను. రేపు తెల్లవారుజామునే సంఘం వాళ్లని ఎక్కించుకుని ఆయన తుని వెళ్తున్నారు. మెసేజులు చూసే అలవాటు ఆయనకి లేదు. ఫోన్ చేస్తే నా మాట ముందుగదిలోకి వినబడుతుంది. బావగారు అక్కడే పడుకున్నారు, ఇంకా నిద్రపట్టక దగ్గుతూనే ఉన్నారు.

పాస్టరు గారి నంబరు తీసి, ఫోను పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.